కిలుమా, చిలుమా? మ్రోగినట్లా, మ్రోగునట్లా?

పెరటిజామ:
నటరాజ విగ్రహం ప్రభావళి సందుల్లో ఆకుపచ్చగా చేరినదాన్ని మెత్తని కుంచెతో దులుపుతుంటే వేమన పద్యం ఒకటి నోటికి వచ్చి మూడో పాదం దగ్గర ఆగిపోయింది. ఇత్తడి సామాను తోమేటప్పుడు మా అమ్మమ్మ చదివే పద్యమే. "కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా" అనాలా, "మ్రోగునట్లు" అనాలా? పనిలో పనిగా ఇంకొకటి. ఆ పచ్చదాన్ని అమ్మమ్మ చిలుము అనేది, మా అత్తగారు కిలుము అంటారు. ఏది సరైన రూపం?

ఆటవెలది:
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదండీ. మ్రోగు, మ్రోగి రెండూ గలాలే, అంటే ఒక గురువు, ఒక లఘువు. యతి కంచుకూ కనకానికీ మధ్య ఉంది, ఈ అక్షరం జోలికి రాదు. నా ఓటు మాత్రం "మ్రోగునట్లు"కే. వెంటనే "మ్రోగునా" వస్తోంది కదా, ఆ క్రియ అదే రూపంలో తిరిగి వచ్చి ప్రశ్నగా మారడంలోనే పద్యం బలమంతా ఉంది.

నిఘంటుపురుగు:
పద్యం సంగతి సరే. మాట మాత్రం కిలుమే. చిలుము అంటే పొగాకు పెట్టి పీల్చే గొట్టం.

బళ్లారిబాట:
ఆ గొట్టం పారసీ నుంచి వచ్చిన వేరే మాట. పలుకు ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటి కావు. కన్నడంలో కివి, మనకు చెవి. కన్నడంలో కెరె, మనకు చెరువు. అదే వరసలో కన్నడ కిలుబు, మన చిలుము. అసలైన తెలుగు రూపం చిలుమే. కెంపు అనే మాటలో కకారం నిలిచినట్లే కిలుము కూడా కన్నడం వైపు నుంచి వచ్చి స్థిరపడి ఉంటుంది.

నిఘంటుపురుగు:
కన్నడం దగ్గరే ఎందుకు ఆగారు? తమిళంలో కళింబు, మలయాళంలో క్లావు. మొదట్లో ఉన్నది కకారం పక్కన అకారమని నా నమ్మకం. అది ఇకారంగా మారేసరికి మన తాలవ్యీకరణం, అంటే ఇ, ఎల ముందు కకారం చకారం కావడం, ముగిసిపోయి ఉంటే కి అలాగే నిలుస్తుంది. ఆ లెక్కన కిలుము మన సొంత మాటే, ఎక్కడి నుంచీ తెచ్చుకున్నది కాదు.

బళ్లారిబాట:
మరి చిలుములోని చకారం ఎక్కడిది? నిఘంటువుల్లో రెండు రూపాలూ ఉన్నాయి కదా. తాలవ్యీకరణం ముగిశాక ఆ చకారం ఎలా పుట్టిందో చెప్పండి, మీ వాదం ఒప్పుకుంటాను.

గూటిదీపం:
రూపం కంటే నాకు అర్థం ముఖ్యం. మా ఇంట్లో పచ్చగా పట్టినదే కిలుము. గోధుమ రంగుకో నలుపుకో తిరిగితే మసకబారింది అంటాం. ఈ తేడా పోగొట్టుకోకూడదు. సమంగా పరుచుకున్న ఆ ముదురు పొర కింది లోహాన్ని కాపాడుతుంది, దాన్ని గీకవలసిన పని లేదు. తుడిచినా మళ్లీ మళ్లీ లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం జాగ్రత్త పడాలి. అది ఉప్పులోని క్లోరైడ్ చేసే పని. గాలిలో తేమ ఉన్నంతకాలం లోహాన్ని తింటూనే ఉంటుంది. అందుకే చింతపండులో ఉప్పు కలిపి విగ్రహాన్ని తోమడం నాకు అసలు ఇష్టం ఉండదు. చెంబుకు పరవాలేదు, కడిగి ఆరబెడితే సరిపోతుంది. విగ్రహానికి వేళ్ల సందులు, జడల మడతలు ఉంటాయి, అక్కడ ఉప్పు నిలిచిపోతుంది. పైగా ఏళ్ల తరబడి రుద్దితే కనుబొమలు, ముక్కు అరిగిపోతాయి. పొడి కుంచె, మెత్తని నూలు గుడ్డ, పలుచగా తేనెమైనం చాలు.

పెరటిజామ:
ఉప్పు సంగతి ఇప్పుడే విన్నానండీ. మా విగ్రహం కంచుదే అనుకుంటున్నాను.

గూటిదీపం:
ఇళ్లలో కంచు అని పిలిచేవి చాలావరకు ఇత్తడివే. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. రాగి రెంటిలోనూ ఉంది కాబట్టి కిలుము దేనికైనా పడుతుంది. ఒక్క బిదరీ బొమ్మల (నల్లని లోహంలో వెండి పొదిగే బీదర్ పని) దగ్గర మాత్రం ఇంకా మెలకువగా ఉండాలి. వాటి నలుపు బీదర్ కోట మట్టితో కావాలని తెప్పించినది. అది మాసిందనుకొని పులుపుతో రుద్దితే పనితనమే పోతుంది.

ఆటవెలది:
వేమన లోహాలను ఎంత దగ్గరగా చూశాడో గమనించారా? ఇనుము విరిగితే కాచి అతకవచ్చన్నాడు, మనసు అతకదన్నాడు. కంచు దగ్గరికి వస్తే రంగును వదిలేసి చెవితో పట్టుకున్నాడు. మెరుపు చూసి కంచును కనకమనుకోవచ్చు, మోత మాత్రం మోసం చేయదు. "విశ్వదాభిరామ" మకుటంలోని అభిరాముడు కంసాలి అనే కథ నిజమో కాదో గానీ, కొలిమి పక్కన కూర్చున్న మనిషి చూపు ఆ పద్యాల్లో ఉంది. బ్రౌన్ 1829లో అచ్చువేయించకముందు ఇవి నోటి మీదా, తాటాకు ప్రతుల్లోనూ కదా తిరిగాయి. అలా తిరిగేటప్పుడే ఎక్కడో "మ్రోగు" కాస్తా "మ్రోగి" అయి ఉంటుంది.

నిఘంటుపురుగు:
అటు నుంచి ఇటు కూడా మారి ఉండవచ్చు. కింద "మ్రోగునా" ఉంది కదా అని చదివేవాళ్లే పైనా "మ్రోగు" చేసుకొని ఉంటారు.

ఆటవెలది:
అది ఒప్పుకోను. పాత ప్రతుల్లో ఆ పాదం ఎలా ఉందో చూసినవారు ఉంటే చెప్పాలి.

బళ్లారిబాట:
నా చకారానికి జవాబు ఇంకా రాలేదు. మంగళూరు వైపు వారు ఎవరైనా ఉన్నారా? తుళులో ఈ మాట మొదటి అక్షరం ఏమిటో తెలిస్తే మరో మెట్టు ఎక్కుతాం.