‘ఫౌల్ అండ్ ఎ మిస్’ను తెలుగులో ఏమందాం?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లల కోసం స్నూకర్ (బల్ల మీద కర్రతో బంతులు కొట్టే ఆట) మీద ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. 15 ఎర్ర బంతులు, 6 రంగు బంతులు, ఒక తెల్ల బంతి, పసుపుకి 2 నుంచి నలుపుకి 7 దాకా విలువలు, ఇవన్నీ ఇబ్బంది లేకుండా తెలుగులో ఒదిగాయి. రెఫరీ నోటి మాట దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

కొట్టాల్సిన బంతికి తెల్లబంతి ముందుగా తగలకపోతే రెఫరీ ‘ఫౌల్’ అంటారు. ఎదుటివాళ్ళకి కనీసం 4 పాయింట్లు, బంతిని బట్టి 7 దాకా వెళ్తాయి. ఆటగాడు తన శక్తికొద్దీ ప్రయత్నించలేదని రెఫరీ అనుకుంటే మాత్రం ‘ఫౌల్ అండ్ ఎ మిస్’ అంటారు. అప్పుడు ఎదుటివాళ్ళు కోరితే బంతులన్నీ మునుపున్న చోటికే రావాలి, అదే దెబ్బ మళ్ళీ కొట్టాలి.

‘తప్పు, గురి తప్పింది’ అని రాశాను. చదివితే ఒకే మాట రెండుసార్లు అన్నట్టుంది. పైగా అడ్డుబంతుల వెనక ఇరుక్కున్నవాళ్ళు బయటపడితే దాన్ని ‘తప్పించుకోవడం’ అనే అంటాం. ఫౌల్ తప్పు, మిస్ తప్పడం, ఎస్కేప్ తప్పించుకోవడం. మూడింటికీ ఒకే ధాతువు దాపురించింది. పిల్లలకి తేడా ఎలా తెలుస్తుంది? ఇంకో సందేహం కూడా. రెఫరీని ‘తీర్పరి’ అంటే సరిపోతుందా?

తెనాలి మాస్టారు:
అమ్మా, మంచి చోట ఆగారు. ‘తప్పు’ ముందు క్రియ. ఉండాల్సిన చోటు నుంచి, పోవాల్సిన దారి నుంచి పక్కకి పోవడం దాని భావం. దారి తప్పాడు, అడుగు తప్పింది, మాట తప్పాడు, లెక్క తప్పింది, వరస తప్పింది. అలా పక్కకి పోయిన పనికి పేరుగా నిలబడ్డదే మనం దిద్దుకునే ‘తప్పు’. పక్కకి పోయేలా చేస్తే ‘తప్పించు’. పక్కకి పోయే వీలే లేకపోతే ‘తప్పదు’. అసలు ‘తప్పలేదు’ అన్న ఒక్క మాట చూడండి. బాణం తప్పలేదంటే గురికి తగిలిందని. నాకు వెళ్ళక తప్పలేదంటే వేరే దారి లేకపోయిందని.

అయితే మీ చిక్కు ధాతువుతో వచ్చింది కాదు. మీరే రాశారు చూడండి: ఉత్త ఫౌల్‌లోనూ బంతి తగల్లేదు, మిస్‌లోనూ తగల్లేదు. కాబట్టి ‘గురి తప్పింది’ అన్నది రెండింటికీ సమానమే. రెఫరీ మిస్ అన్నప్పుడు తూచేది ప్రయత్నాన్ని. దానికి మనకి చక్కటి మాటుంది, మొక్కుబడి. ‘ఫౌల్, మొక్కుబడి దెబ్బ’ అనండి.

వాల్తేరు అన్న:
మాస్టారూ, మీ అంతటివారి మాటకి అడ్డు చెప్తున్నందుకు క్షమించాలి. మొక్కుబడి మాత్రం వద్దు. నేను చాలా ఏళ్ళు ఒక క్లబ్బులో మార్కర్‌గా చేశాను. (మా క్లబ్బుల్లో రెఫరీ అన్న మాట పోటీల రోజునే వినబడేది. మిగతా రోజుల్లో బంతులు పెట్టేదీ, లెక్క చెప్పేదీ, కొత్తవాళ్ళకి క్యూ (బంతిని కొట్టే కర్ర) పట్టడం నేర్పేదీ మార్కరే.)

పెద్ద పోటీల్లో మిస్ దాదాపు ప్రతిసారీ పిలుస్తారు. ఆటగాడు మూడు కుషన్ల (బల్ల అంచుల) మీదుగా లెక్కేసి, చెమటలు పట్టేలా కొట్టి, వెంట్రుక వాసిలో పోగొట్టుకున్నా మిస్సే. ఆ స్థాయివాళ్ళు తగిలించగలరు అన్న నమ్మకంతో పిలిచే మాట అది. మొక్కుబడి అంటే ఆ మనిషిని అవమానించినట్టు అవుతుంది. ఇంకోటి, ఫ్రేమ్ (మ్యాచ్‌లో ఒక ఆట) గెలవాలంటే ఫౌల్ పాయింట్లు వస్తే తప్ప కుదరని దశకి ఆట వచ్చేస్తే, కావాలని వదిలేస్తే తప్ప మిస్ పిలవరు. స్కోరు బోర్డుని బట్టి మారే మాటని మనిషి మనసుకి అంటగట్టకండి.

అసలు మిస్ అనగానే కష్టం మొదలయ్యేది రెఫరీకి. 2017లో ఇండియన్ ఓపెన్ మా విశాఖలోనే జరిగింది, ఫైనల్లో జాన్ హిగ్గిన్స్ ఆంథనీ మెక్‌గిల్‌ని 5-1తో గెలిచాడు. అందరూ క్యూల వంక చూస్తుంటే నా కళ్ళు మాత్రం ఆ తెల్ల చేతితొడుగుల మీదే ఉండేవి. బంతుల్ని వెనక్కి పెట్టేటప్పుడు రెఫరీ తెల్లబంతిని రెండు వేళ్ళతో పట్టి దించుతారు, వంగి చూస్తారు, గోరంత జరుపుతారు, మళ్ళీ వంగుతారు. టీవీ తెర మీద పాత బొమ్మతో సరిచూస్తారు. ఇద్దరు ఆటగాళ్ళనీ అడుగుతారు. ఒక ఎర్రబంతి అంచు కొంచెం కనబడాలా, అసలు కనబడకూడదా అన్నదే అక్కడ ప్రాణం. తెర లేని రోజుల్లో నేను ఇదంతా జ్ఞాపకం మీద పెట్టేవాణ్ణి. దెబ్బ కొట్టకముందే బల్లంతా కళ్ళతో ఫొటో తీసుకోవాలి.

షెఫీల్డ్ చెల్లి:
అన్నా, చదువుతుంటే కళ్ళకి కట్టింది. నేనుండేది ప్రపంచ పోటీలు 1977 నుంచి జరుగుతున్న క్రూసిబుల్ థియేటర్ ఉన్న ఊళ్ళోనే. నాకు ఆశ్చర్యం కలిగించేది రెఫరీ ఏం మాట్లాడొచ్చు, ఏం మాట్లాడకూడదు అన్నది. ఆటగాడు ఫౌల్ చేయబోతున్నాడని కళ్ళెదుట కనిపిస్తున్నా నోరు విప్పకూడదు, ముఖంలో కూడా చూపించకూడదు. కానీ రంగులు సరిగ్గా గుర్తుపట్టలేనివాళ్ళు అడిగితే ఏ బంతి ఏ రంగో చెప్పాలి, అది నియమంలోనే ఉంది. 2002లో ప్రపంచ విజేత అయిన పీటర్ ఎబ్డన్‌కి ఆ ఇబ్బంది ఉంది. ఎరుపుల మధ్య గోధుమరంగు బంతి దూరితే ఆయనకి రెఫరీ మాటే ఆధారం.

ఒక్కోసారి నియమంలో లేని మాట కూడా రెఫరీ నోట వస్తుంది. 2010లో గ్లాస్గోలో రానీ ఓసలివన్ 140 దాకా కొట్టి, 147కి (ఒకే విడతలో మామూలుగా సాధించగల అత్యధిక స్కోరు) ప్రత్యేక బహుమతి లేదన్న కోపంతో ఆఖరి నలుపుని వదిలేసి ప్రత్యర్థి మార్క్ కింగ్‌తో చేయి కలిపేశాడు. రెఫరీ యాన్ వర్హాస్ అతన్ని ఆపి, అభిమానుల కోసం కొట్టమని నచ్చజెప్పాడు. కొట్టాడు. ఈ పనిని ‘తీర్పరి’ అన్న మాట మోయగలదా అని నా అనుమానం. ఆ మాటలో నాకు నచ్చేది ఒకటే, ఆడామగా తేడా లేదు. 2009 ప్రపంచ ఫైనల్‌కి మికేలా ట్యాబ్ రెఫరీ. ఆ బాధ్యత చేసిన మొదటి మహిళ ఆవిడే. ‘మధ్యస్థుడు’ అని రాస్తే ఆవిడ దగ్గర వాక్యం కుంటుతుంది.

తెనాలి మాస్టారు:
వాల్తేరు నాయనా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బల్ల దగ్గర నిలబడ్డవాడికి తెలిసింది నాకు తెలియలేదు.

రెఫరీకి ఇంకో పాత మాట ఉంది, ‘తగవరి’. ‘తగు’ నుంచి ‘తగవు’. తగినది, న్యాయమైనది అని తొలి అర్థం. న్యాయం కోసం పెద్దల ముందుకొచ్చిన వివాదాన్ని కూడా తగవనడంతో క్రమంగా పోట్లాట అర్థమే మిగిలింది. తగవరి అంటే తగినదేదో తెలిసి చెప్పేవాడు. ఏ బంతిని ఎక్కడ పెట్టడం తగునో చూసే మనిషికి ఇంతకన్నా మంచి పేరు నాకు తోచదు. కానీ ఈనాటి పిల్లలకి అందులో తగాదాయే వినబడుతుంది. ఆ సంగతి ఒప్పుకుని, వ్యాసంలో రెఫరీనే ఉంచమంటాను.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇక్కడ చదివాక ఒక పాత సంగతి కొత్తగా వెలిగింది. ఈ ఆట పుట్టింది 1875లో జబల్‌పూర్ సైనిక స్థావరంలో, నియమాలు రాసుకున్నది 1882లో ఊటీ క్లబ్బులో. ‘స్నూకర్’ అంటే ఆ రోజుల్లో సైనిక విద్యాలయంలో కొత్తగా చేరిన కుర్రాడు. ఒక అధికారి సులువైన బంతిని పాకెట్‌లో వేయలేకపోతే, నెవిల్ చాంబర్లేన్ అనే తోటి అధికారి (బ్రిటన్ ప్రధాని కాదు, ఈయన వేరు) అతన్ని ‘నువ్వు స్నూకర్‌వి’ అన్నాడట. 1938లో ఆయనే ఉత్తరం రాసి చెప్పాడు. అంటే ఆట పేరే ఒక మిస్ నుంచి వచ్చింది!

వాక్యం ఇలా మార్చాను: “రెఫరీ ‘ఫౌల్ అండ్ ఎ మిస్’ అంటే, తప్పు జరిగింది, ఇంకా బాగా కొట్టి ఉండొచ్చు అని. ఎదుటివారు కావాలంటే మళ్ళీ కొట్టించవచ్చు.” అన్నా, మీకు సమ్మతమేనా?

వాల్తేరు అన్న:
‘ఇంకా బాగా కొట్టి ఉండొచ్చు’ సరిగ్గా కుదిరిందమ్మా. ‘మళ్ళీ కొట్టించవచ్చు’ ముందు ‘బంతులు మళ్ళీ పెట్టించి’ అని చేర్చండి. ఆ పెట్టడానికే ఒక్కోసారి అయిదు నిమిషాలు పడుతుంది.