గర్భిణిలో ‘వాపు’: ఇన్‌ఫ్లమేషన్‌కు ఏ మాట వాడదాం?

ప్రశ్న: “గర్భిణిలో వాపు వల్ల పిల్లల మెదడు ఎదుగుదల, ప్రవర్తన దెబ్బతింటాయి” అని ఒక ఆరోగ్య వ్యాసంలో ఉంది. మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. అది చదివి, “నా పాదాలు వాచాయి కదక్కా, బిడ్డకేమైనా అవుతుందా?” అని ఒకటే టెన్షన్. ఇదే అంశం మీద నేనూ రాయాల్సి ఉంది. ఇన్‌ఫ్లమేషన్‌కు వాపు, మంట, శోథ, తాపం, వీటిలో ఏది నయం?

జవాబు: ముందు మీ చెల్లెలికి ధైర్యం చెప్పండి. నెలలు నిండేకొద్దీ ఒంట్లో నీరు చేరి పాదాలు వాయడం చాలామందికి ఉండేదే. ఆ వ్యాసంలోని ‘వాపు’ ఇది కాదు. ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి వదలకపోయినా, చూపు మసకబారినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బీపీ పెరిగిందనడానికి అవి గుర్తులు కావచ్చు.

ఇక మాట సంగతి. ఇన్‌ఫ్లమేషన్ అంటే దెబ్బకో, రోగక్రిములకో మన ఒళ్లు ఇచ్చే రోగనిరోధక స్పందన. రోమన్ రచయిత సెల్సస్ దాదాపు 2,000 ఏళ్ల కిందట దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. చిగురు వాచినా, కీలు వాచినా ఇవి కంటికి కనిపిస్తాయి, చేతికి తెలుస్తాయి. అక్కడ వాపు అనే మాట చక్కగా అతుకుతుంది. గర్భిణి విషయంలో పరిశోధకులు అంటున్నది వేరు. ఫ్లూ లాంటిది సోకినప్పుడు రోగనిరోధక కణాలు సైటోకైన్లనే ప్రోటీన్లను రక్తంలోకి వదులుతాయి. మావి (ప్లాసెంటా) కూడా వాటికి స్పందిస్తుంది. లోపల పిండం మెదడులో కణాలు పుడుతూ, తమ తమ పొరలకు చేరుకుంటూ ఉండే కాలమది. పైకి మాత్రం ఎక్కడా వాపు ఉండకపోవచ్చు.

‘మంట’ అని రాస్తే గర్భిణులకు ముందు ఛాతీలో మంటే గుర్తొస్తుంది, అదీ వాళ్లకు మామూలే. తాపం అంటే వేడి. శోథ అంటే సంస్కృతంలో మళ్లీ వాపే. నేనైతే ఇన్‌ఫ్లమేషన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో విడమరుస్తాను.

ఇంకొకరు: ప్రతిదానికీ ఇంగ్లిషు మాటే దిక్కా అండీ? ‘తల్లిలో రోగనిరోధక స్పందన’ అంటే సరిపోదా?

జవాబు: బాగుందండీ. ఈ రంగంలో వాళ్లు వాడే పేరూ దాదాపు అదే. శీర్షికలో మీది, లోపల ఇన్‌ఫ్లమేషన్, రెండూ ఉండనివ్వచ్చు.

కానీ ఆ వాక్యంలో నాకు వాపు కన్నా ‘పిల్లలు’ అన్న మాట మీదే ఎక్కువ బెంగ. ఈ విషయంలో గట్టిగా తేలినవి చాలావరకు ఎలుకల మీద తేలినవే. 2007లో కాలిఫోర్నియాలో పాల్ పాటర్సన్ బృందం చూలు ఎలుకలకు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్‌ను ఒక్కసారి ఎక్కించింది. పెద్ద శబ్దానికి ముందు చిన్న శబ్దం వినిపిస్తే మామూలుగా ఉలికిపాటు తగ్గుతుంది. ఆ తల్లుల పిల్లల్లో ఈ తగ్గుదల సరిగా కనిపించలేదు. వైరస్ సోకినట్టు భ్రమింపజేసే మందు ఇస్తూనే ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకుంటే, పిల్లల్లో ఆ మార్పులు రాలేదు. 2016లో ఇంకో బృందం, ఎలుకల్లోనే, ఇంటర్‌ల్యూకిన్-17 అనే మరో సైటోకైన్ పాత్ర చూపించింది. ఆ పిల్లలు గోళీలను పదేపదే పూడ్చిపెట్టాయి, తోటి ఎలుకలతో అంతగా కలవలేదు.

‘పూడ్చిపెట్టాయి’ అన్నాను చూడండి. మనుషుల పిల్లలకైతే ‘పెట్టారు’ అంటాం. పూర్తి వాక్యం రాస్తే తెలుగు క్రియే ఎవరి పిల్లలో చెప్పేస్తుంది. ‘పిల్లల ప్రవర్తనలో మార్పు’ అని శీర్షిక కుదించేసరికి ఆ క్రియ పోతుంది, దాంతో ఎలుకా పోతుంది. చదివే తల్లి తన కడుపు తడుముకుంటుంది. ఎంత చిన్న శీర్షికైనా ‘ఎలుకల్లో’ అన్న మాట వదలకండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు: మనుషుల్లో అసలేమీ తేలలేదా మరి?

జవాబు: కొంత ఉంది. 1957 ఫ్లూ సమయంలో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య గర్భంలో ఉన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఎక్కువగా కనిపించిందని 1988లో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత వచ్చినవన్నీ దాన్ని బలపరచలేదు. స్వీడన్‌లో 5 లక్షలకు పైగా పిల్లల వివరాలు చూసి 2022లో వెలువరించిన అధ్యయనం నాకు చాలా ముఖ్యం. గర్భంతో ఉండగా తల్లికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వస్తే పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువగా కనిపించింది. కానీ గర్భానికి ముందటి ఏడాదిలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన తల్లుల పిల్లల్లోనూ అలాగే ఉంది, తోబుట్టువులను పోల్చి చూస్తే తేడా నిలవలేదు. అంటే ఆ కుటుంబాల్లో ఉన్న వేరే కారణాలు కావచ్చు. అందుకే ‘వల్ల’ అన్న విభక్తి ఇక్కడ చాలా బరువైనది. ‘సంబంధం కనిపించింది’ అనడం వేరు, ‘వల్ల వచ్చింది’ అనడం వేరు. ‘దెబ్బతింటాయి’ అని తేల్చేయడం అసలే తగదు.

ప్రశ్న అడిగినవారు: ఇలా రాస్తే? “గర్భంతో ఉండగా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వస్తే, తల్లిలో కలిగే రోగనిరోధక స్పందన (ఇన్‌ఫ్లమేషన్) పిండం మెదడు ఎదుగుదలను ప్రభావితం చేయగలదని ఎలుకల్లో తేలింది. మనుషుల్లో ఇది ఇంకా రుజువు కాలేదు.”

జవాబు: బాగుందండీ. దాని కిందే ఇంకో వాక్యం చేర్చండి: జ్వరం వస్తే ఓర్చుకుంటూ కూర్చోవద్దు, డాక్టర్‌కు చెప్పాలి, గర్భిణులకు ఫ్లూ టీకా వేయించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది అని. మీ చెల్లెలికి పనికొచ్చేది అదే.