ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగల కొంత మళ్ల ఇంజిన్ లోపలికి పంపేది) మంచిగున్నదా లేదా ఇంటికాడ చూసుడెట్ల?

హన్మకొండ డీజిల్:
బీఎస్4 డీజిల్ కారు. పికప్ తగ్గింది, ఎక్స్‌లేటర్ తొక్కితే నల్లపొగ. స్కానర్ల పీ0402 కోడ్. షెడ్డుల వాల్వ్ మార్చాలంటున్నరు. విప్పకుండ ముందు చూసుకునే దారున్నదా అన్నా?

మడికొండ మెకానిక్:
ఉన్నది తమ్మీ. ఆ కోడ్ చూసి వాల్వ్ కొనకు. ఇంజిన్ లెక్కకు మించి పొగ తిరిగి లోపలికి పోతాందని కంప్యూటర్ అనుకుంటాంది, గంతే. అది లెక్కగట్టేది మాఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) చెప్పే గాలిని బట్టి.

కూలెంట్ 80 డిగ్రీలు దాటనియ్యి, ఏసీ బందు పెట్టు. స్కానర్ల ఈజీఆర్ కమాండ్ (కంప్యూటర్ వాల్వ్‌ను ఎంత తెరవమంటాందో), అసలు పొజిషన్ (వాల్వ్ నిజంగ ఎంత తెరిచున్నదో), మాఫ్ మూడూ ఒక్క తెర మీద పెట్టుకో. ఒక్కసారి గట్టిగ తొక్కితే కమాండ్ సున్నా దిక్కు రావాలె, పొజిషన్ దాని ఎంబడే దిగాలె. కమాండ్ దిగినా పొజిషన్ 10, 15 శాతం కాడనే ఆగితే మసి అడ్డంపడ్డట్టే. రెండూ మంచిగ దిగి మాఫ్ ఒక్కటే తక్కువ చూపిస్తే వాల్వ్ జోలికి పోకు. ఎయిర్ ఫిల్టర్, మాఫ్ మురికి, మాఫ్‌కు టర్బోకు నడుమ గొట్టం చూడు. ఆ గొట్టం పగిలితే లెక్కల పడని గాలి లోపలికి పోతది, కోడ్ మాత్రం ఈజీఆర్ మీద పడ్తది.

కాజీపేట గ్యారేజ్:
వాల్వ్ మోటర్‌తోని కాకుండ వాక్యూంతోని తెరిచే రకమైతే చేతి వాక్యూం పంపు పెట్టి 15 ఇంచులు (పాదరసం లెక్కల) గుంజు. ముల్లు 30 సెకన్లు నిలవాలె. జారితే డయాఫ్రం (వాల్వ్ లోపటి పలుచని పొర) చినిగినట్టు. ఐడిల్ల గుంజంగనే మాఫ్ పడిపోవాలె, వదలంగనే లేవాలె. పెట్రోల్ ఇంజిన్ అయితే దడదడమని ఆగిపోతది. డీజిల్‌ల గాలి ఎక్కువుంటది కాబట్టి అట్ల ఆగదు, చానామంది ఈడనే మోసపోతరు.

హన్మకొండ డీజిల్:
పొజిషన్ 12 కాడ ఆగుతాంది. కడిగితే సాలునా?

మడికొండ మెకానిక్:
ముందు కడుగు. ఇంజిన్ సల్లారినంక బ్యాటరీ మైనస్ తీసి, ఆరుబయట విప్పు. మోటర్ పైకి, వాల్వ్ నోరు కిందికి పట్టుకొని కార్బ్ క్లీనర్ కొట్టు, మోటర్లకు పోనియ్యకు. మసి నాననియ్యి, నైలాన్ బ్రష్‌తోని రుద్దు. స్క్రూడ్రైవర్‌తోని పొడిచి తెరిస్తే లోపటి ప్లాస్టిక్ పండ్లు ఇరుగుతయ్. గ్యాస్కెట్ కొత్తదే వెయ్యి, బిగించినంక స్కానర్‌తోని అడాప్టేషన్ (వాల్వ్ మూసే, తెరిచే హద్దులు కంప్యూటర్‌కు మళ్ల నేర్పుడు) చెయ్యి. రేకు పెట్టి మూసెయ్యమని ఎవలన్నా చెప్తే వినకు: నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతయ్, లైట్ మళ్ల వెలుగుతది.

విప్పినప్పుడు మసి ఎట్లున్నదో చూడు. పొడిగుంటే దగ్గరి తిరుగుడుతోని వచ్చింది. నూనెతోని ముద్దలెక్క ఉంటే బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపటి నూనె ఆవిరి పోయేది), టర్బో చూపియ్యి, లేకుంటే కొన్నొద్దులకే మళ్ల అతుక్కపోతది.