జర్మన్ షెపర్డ్‌కి డీఎం జీన్ టెస్ట్ హైదరాబాద్‌లో ఎక్కడ చేయించాలి?

మా జర్మన్ షెపర్డ్‌కి తొమ్మిదేళ్లు. వెనక కాళ్లు తడబడుతున్నాయి, నడుస్తుంటే గోళ్లు నేలకు రాసుకుపోతున్నాయి. నొప్పి ఉన్నట్టు లేదు, తిండి మామూలే. ఎక్స్‌రేలో తుంటి కీళ్లు బాగానే ఉన్నాయన్నారు. డాక్టర్ గారి అనుమానం డీజెనరేటివ్ మైలోపతి (డీఎం), అంటే వెన్నుపాములో నరాలు మెల్లగా పాడయ్యే జబ్బు.

దీని వెనక ఎస్‌ఓడీ1 జీన్‌లో మార్పు ఉందని 2009లో కనిపెట్టారట. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ చెడ్డవైతేనే ఎక్కువగా ముప్పు. అలా ఉన్నా కొన్నిటికి జబ్బు రాదు. కాబట్టి టెస్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇదేనని ఖాయం కాదు, డిస్క్ సమస్య కాదని తేలడానికి ఎంఆర్ఐ కూడా తీయాలట. మత్తు ఇస్తారంటేనే మా అమ్మకి టెన్షన్.

మేముండేది ఉప్పల్‌లో. బుగ్గ లోపల స్వాబ్‌తో తీసి పంపితే చాలంటున్నారు. సిటీలో శాంపిల్ ఎక్కడ తీసుకుంటారండీ? ఖర్చెంత, రిపోర్టుకి ఎన్నాళ్లు? రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఇలాంటి కేసు చూపించినవాళ్లు ఉంటే చెప్పండి.

ఇంకోటి, దీని పిల్ల ఒకటి మా పిన్ని వాళ్లింట్లో పెరుగుతోంది. దానికి క్రాసింగ్ చేయిద్దామని చూస్తున్నారు. నన్నడిగితే ముందు దానికే టెస్ట్ చేయించాలి. మీరేమంటారు?