ఫ్లైట్ సిమ్‌కి వెయ్యి రూపాయల్లో హెడ్ ట్రాకర్: ఎల్‌ఈడీ క్లిప్ చేసుకోవాలా, వెబ్‌క్యామ్ ఒక్కటే సరిపోతుందా?

జక్కూరు_డౌన్‌విండ్:

అందరికీ నమస్కారం. ఎక్స్‌ప్లేన్ 12 అనే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172 విమానంతో బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ సర్క్యూట్లు (టేకాఫ్ అయి, రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) ప్రాక్టీస్ చేస్తున్నాను. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వేకి సమాంతరంగా ఎదురు దిశలో వెళ్లేటప్పుడు, రన్‌వేని ఎడమ కిటికీలోంచి చూస్తూ ఉండాలి, థ్రెషోల్డ్ (దిగే వైపు రన్‌వే అంచు) ఎడమ భుజం వెనక్కి 45 డిగ్రీలకు వచ్చాక బేస్‌కి, అంటే రన్‌వే వైపు అడ్డంగా వెళ్లే దారికి, తిరగాలి. జాయ్‌స్టిక్ మీద వ్యూ తిప్పే హ్యాట్ స్విచ్‌తో ఈ చూపు కుదరడం లేదు. నొక్కగానే వ్యూ పక్కకి దూకేస్తుంది, మళ్లీ ముందుకి తెచ్చేలోపు రెక్క వాలి ఎత్తు పోతుంది.

తల తిప్పితే సిమ్‌లో వ్యూ తిరిగేలా చేసే రెడీమేడ్ హెడ్ ట్రాకర్, ట్రాక్‌ఐఆర్, కొనే బడ్జెట్ లేదు. వెయ్యి లోపు ఇంట్లోనే చేసుకోవాలి. నా దగ్గర ఐ5 విండోస్ ల్యాప్‌టాప్, 24 అంగుళాల మానిటర్, మామూలు 720పి వెబ్‌క్యామ్, చెవులు కప్పే హెడ్‌ఫోన్స్, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుంటాను. కుర్చీ వెనక పడమటి వైపు కిటికీ ఉంది. శనివారం బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్‌కి వెళ్తున్నాను, ఏమేం తెచ్చుకోవాలో వివరంగా చెప్పగలరా?

ట్రిమ్‌ట్యాబ్:

ఎస్పీ రోడ్‌కి వెళ్లేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేసి చూడండి. ఓపెన్‌ట్రాక్ తల కదలికని సిమ్‌కి పంపే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఇన్‌పుట్‌గా న్యూరల్‌నెట్ ట్రాకర్ (వెబ్‌క్యామ్‌లో ముఖం చూసి తల ఎటు తిరిగిందో పట్టేది) పెట్టండి, అవుట్‌పుట్‌గా ఫ్రీట్రాక్ 2.0 పెట్టండి. ఎక్స్‌ప్లేన్ దాన్ని ట్రాక్‌ఐఆర్ అనుకుని తీసుకుంటుంది. ముందు ఓపెన్‌ట్రాక్‌లో స్టార్ట్ నొక్కి ఆ తర్వాతే సిమ్ తెరవండి.

రెండు విషయాలు చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో మీ కెమెరా ఎఫ్‌ఓవీ (ఎన్ని డిగ్రీల వెడల్పు చూస్తుందో) సరిగ్గా ఇవ్వాలి, లేకపోతే తల ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు దూరం తప్పు వస్తుంది. రెండోది వెలుతురు. గదిలో వెలుతురు చాలకపోతే వెబ్‌క్యామ్ తనంతట తాను ఎక్స్‌పోజర్ పెంచుకుని 30 ఫ్రేముల నుంచి 15కి పడిపోతుంది. వ్యూ బంకలా సాగుతున్నట్టు ఉంటే కారణం సాఫ్ట్‌వేర్ కాకపోవచ్చు, ముందు ఇది చూడండి. కెమెరా సెట్టింగ్స్‌లో ఆటో ఎక్స్‌పోజర్, లో లైట్ కాంపెన్సేషన్ రెండూ తీసేసి, మానిటర్ వెనక ఒక టేబుల్ ల్యాంప్‌ని ముఖం మీదకి పెట్టండి. మీ వెనక కిటికీ ఉందన్నారు కాబట్టి సాయంత్రం ముఖం నల్లగా పడుతుంది, ల్యాంప్ తప్పనిసరి.

ఇది నచ్చితే అక్కడితో ఆగిపోవచ్చు. కానీ తల బాగా తిప్పినప్పుడు ముఖం పక్కకి పోయి పట్టు తప్పుతుంది, సిమ్ ఎటూ ప్రాసెసర్‌ని పిండుతుంటే ఇదీ తన వాటా తీసుకుంటుంది. అప్పుడు ఎల్‌ఈడీలకి వెళ్లండి.

రాగితీగ:

ట్రిమ్‌ట్యాబ్ గారు చెప్పినట్టు ముందు అది చూడండి. అయితే భుజం వెనక్కి చూడాలన్నది మీ అవసరం కాబట్టి చివరికి ఇన్‌ఫ్రారెడ్ క్లిప్‌కే, అంటే హెడ్‌ఫోన్‌కి బిగించిన మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీల్ని కెమెరా చూసే పద్ధతికే, వస్తారని నా అంచనా. డబ్బు కెమెరా మీద కన్నా వెలుగు మీద పెట్టండి. మూడు చుక్కలు గట్టిగా వెలిగి, మిగతా ఫ్రేమంతా నల్లగా ఉంటే పాత కెమెరా కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఎల్‌ఈడీలు: అడగాల్సింది 850 లేదా 880 నానోమీటర్లవి. ఓస్రామ్ ఎస్‌ఎఫ్‌హెచ్ 485పి దొరికితే అదే తీసుకోండి, దాని మొన చదునుగా ఉండి వెలుగు పక్కలకి పరుచుకుంటుంది. దొరక్కపోతే షాపులో ఇచ్చేది రిమోట్లలో వాడే 5 మి.మీ. ఎల్‌ఈడీ, 940 నానోమీటర్లది. అదీ పనికొస్తుంది కానీ కెమెరా సెన్సర్‌కి ఆ వెలుగు తక్కువగా కనిపిస్తుంది, పైగా సన్నటి కోణంలోనే వెలుగుతుంది. తల 25 డిగ్రీలు తిప్పేసరికి చుక్క మాయం. దీనికి మందు గరుకు కాగితం. గుండ్రటి మొనని 400 నంబరు కాగితం మీద రుద్ది చదును చేయండి, లోపలి సన్నటి తీగ దాకా పోకుండా ముందే ఆపేయండి. గరుకుగా మిగిలిన ఉపరితలమే వెలుగుని చెదరగొడుతుంది, పాలిష్ చేయక్కర్లేదు. ఏది 850, ఏది 940 అని షాపులోనే తేల్చుకోవాలంటే చేతులు అడ్డం పెట్టి చీకట్లో చూడండి: మసకగా ఎర్రగా కనిపిస్తే 850, అసలేమీ కనిపించకపోతే 940. వెలుగుతోందో లేదో ఫోన్ ముందు కెమెరాతో చూడండి, వెనక కెమెరాలు చాలావరకు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తాయి. పాడవుతాయి కాబట్టి మూడు కాదు, పది తెచ్చుకోండి.

కరెంటు: పాత యూఎస్‌బీ కేబుల్ కోసి ఎరుపు, నలుపు తీగలు వాడండి, మిగతా రెండూ విడివిడిగా టేప్ చుట్టేయండి. చవక కేబుళ్లలో రంగులు మారుతుంటాయి, మీటర్‌తో 5 వోల్టులు చూశాకే సోల్డర్ పెట్టండి. మూడు ఎల్‌ఈడీల్నీ వరసగా కలిపి ఒకే రెసిస్టర్ పెట్టే సర్క్యూట్లు చాలా చోట్ల కనిపిస్తాయి. ఒక్కో ఎల్‌ఈడీ 1.35 వోల్టులు తింటే మూడూ కలిసి 4 వోల్టుల పైనే, రెసిస్టర్‌కి మిగిలేది వోల్టు కంటే తక్కువ. యూఎస్‌బీ కాస్త తగ్గి 4.75కి వస్తే కరెంటు పావు వంతుకు పైగా పడిపోతుంది. అందుకే నేను చెప్పేది ఒక్కో ఎల్‌ఈడీకి దాని రెసిస్టర్ దానికి, 82 ఓమ్‌లు, పావు వాట్. రంగులు గ్రే, రెడ్, బ్లాక్. ఒక్కోదానికి 45 మిల్లీయాంపులు, మొత్తం 135. ల్యాప్‌టాప్ పోర్టుకి ఇదొక లెక్క కాదు. పవర్ బ్యాంక్ పెట్టాలనుకుంటే మాత్రం, లోడ్ తక్కువైందని తనంతట తాను ఆగిపోయే రకాలు ఉన్నాయని గుర్తుంచుకోండి.

ఫ్రేమ్: సైకిల్ స్పోక్ అన్నిటికన్నా మంచిది. సన్నగా ఉంటుంది, వంగదు. రాగి తీగ అయితే హెడ్‌ఫోన్స్ కింద పెట్టిన ప్రతిసారీ వంగి కొలతలు మారిపోతాయి. హెడ్‌ఫోన్ ఎడమ కప్పుకి నిలువుగా బిగించి, పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలోది ముందుకి పొడుచుకొచ్చేలా పెట్టండి. మూడూ ఒకే గీతలో ఉండకూడదు. కొలతలు మిల్లీమీటర్లలో తీసి, ఓపెన్‌ట్రాక్‌లో ఈ చుక్కల్ని చదివే ఇన్‌పుట్ అయిన పాయింట్‌ట్రాకర్ సెట్టింగ్స్‌లో క్లిప్ ట్యాబ్‌లో బొమ్మ ప్రకారం ఇవ్వండి.

కెమెరా: సెకండ్‌హ్యాండ్‌లో ప్లేస్టేషన్ 3 ఐ (ఆ గేమ్ కన్సోల్‌కి వచ్చిన కెమెరా) దొరికితే వదలకండి, 640×480లో 60 ఫ్రేములు ఇస్తుంది. దొరక్కపోతే మీ వెబ్‌క్యామే విప్పండి. లెన్స్ వెనక ఎర్రగానో నీలంగానో మెరిసే చిన్న గాజు పలక ఉంటుంది, అది ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేది. బ్లేడ్ మొనతో తీసేయాలి. ప్లేస్టేషన్ 3 ఐకి కూడా ఈ పని తప్పదు. కొన్ని కెమెరాల్లో విడి గాజు ఉండదు, పూత లెన్స్ మీదే ఉంటుంది, అలాంటిది పనికిరాదు. గాజు తీశాక ఫోకస్ కొంచెం మారుతుంది, లెన్స్‌ని మళ్లీ తిప్పి సర్దాలి. చుక్క కాస్త మసకగా ఉన్నా నష్టం లేదు.

తర్వాత మామూలు వెలుగు ఆగడానికి లెన్స్ ముందు కలర్ నెగటివ్ ఫిల్మ్ నల్లటి చివర రెండు పొరలు పెట్టండి. పాత ఆల్బమ్‌ల కవర్లలో దొరుకుతుంది. కడిగిన కలర్ ఫిల్మ్ మాత్రమే. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో ఉండేది వెండి, అది ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపేస్తుంది. పాత ఫ్లాపీ లోపలి నల్లటి బిళ్ల కూడా పనిచేస్తుంది.

జక్కూరు_డౌన్‌విండ్:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. న్యూరల్‌నెట్ ముందుకి చూసినంతసేపు బాగుంది, ఎడమకి బాగా తిప్పితే వదిలేస్తోంది. అందుకే క్లిప్ కట్టాను. ప్లేస్టేషన్ 3 ఐ దొరికింది, విండోస్‌కి డ్రైవర్ వేశాను. మధ్య ఎల్‌ఈడీ 30 మి.మీ. ముందుకి ఉంది, కెమెరా మానిటర్ పక్కన స్టాండ్ మీద నా ముఖం ఎత్తులో, 70 సెం.మీ. దూరంలో ఉంది, లెన్స్ రింగు నీలం చుక్క మీద ఉంది.

రెండు సమస్యలు మిగిలాయి. కదలకుండా కూర్చున్నా వ్యూ సన్నగా వణుకుతోంది. ఓపెన్‌ట్రాక్‌లోని యాక్సెలా ఫిల్టర్‌లో స్మూతింగ్ పెంచితే వణుకు పోతోంది కానీ చూపు ఆలస్యంగా వస్తోంది. ఇక సాయంత్రం నాలుగు దాటాక ఒక్కోసారి వ్యూ ఉన్నట్టుండి పైకప్పు వైపు ఎగిరిపోతోంది. కర్టెన్ ముదురు నీలం, వేసే ఉంచాను.

రాగితీగ:

మొదటి సమస్య సాఫ్ట్‌వేర్‌లో లేదు, క్లిప్ కొలతలో ఉంది. లెక్క చూడండి. నీలం చుక్క అంటే 75 డిగ్రీల వెడల్పు వ్యూ. 70 సెం.మీ. దూరంలో ఒక పిక్సెల్ అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. మీ మధ్య ఎల్‌ఈడీ 30 మి.మీ. ముందుకి ఉంది కాబట్టి తల ఒక డిగ్రీ తిప్పితే అది పక్కకి జరిగేది అర మిల్లీమీటరు, అంటే పిక్సెల్‌లో మూడో వంతు. సెన్సర్ నాయిస్ (చుక్క కదలకపోయినా కదిలినట్టు చూపే చిన్న తేడా) కూడా దాదాపు అంతే ఉంటుంది. ఇక ఓపెన్‌ట్రాక్ ఏది కదలిక, ఏది నాయిస్ అని ఎలా తేల్చుతుంది? పైగా తల కొద్దిగా తిప్పితే వ్యూ ఎంత తిరగాలో చెప్పే కర్వ్‌లో దాన్ని ఐదు రెట్లు చేస్తున్నారు కాబట్టి నాయిస్ కూడా ఐదు రెట్లు అవుతుంది.

మధ్య ఎల్‌ఈడీని 80 మి.మీ. ముందుకి తీయండి. లెన్స్ చుట్టూ ఉన్న రింగు తిప్పి ఎర్ర చుక్క మీదకి తెండి, అది 56 డిగ్రీలు, పిక్సెల్ సుమారు ఒక మిల్లీమీటరు అవుతుంది. ఇప్పుడు ఒక డిగ్రీకి 1.4 మి.మీ., అంటే పిక్సెల్‌కి పైనే. నాలుగు రెట్లు తేడా. ఓపెన్‌ట్రాక్‌లో ఎఫ్‌ఓవీ 56కి మార్చడం, క్లిప్ కొత్త కొలతలు ఇవ్వడం మర్చిపోకండి. ఆ తర్వాత పాయింట్‌ట్రాకర్‌లో థ్రెషోల్డ్ (ఎంత వెలుగుంటే చుక్కగా తీసుకోవాలన్న హద్దు) సర్దండి: ప్రివ్యూలో ఒక్కో చుక్క కొన్ని పిక్సెళ్ల వెడల్పుతో గుండ్రంగా కనిపించాలి. సూదిమొనలా ఉంటే దాని మధ్య బిందువు పిక్సెల్ నుంచి పిక్సెల్‌కి దూకుతుంది, అదీ వణుకే. ఎక్స్‌పోజర్‌ని ఆటోలో అసలు ఉంచకండి. ఇవన్నీ అయ్యాకే స్మూతింగ్ ముట్టుకోండి, చాలా తక్కువ సరిపోతుంది.

రెండోది ఎండ. ముదురు రంగు కర్టెన్ కంటికి నల్లగా ఉన్నా, చాలా రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపవు. ప్రివ్యూలో చూడండి, కర్టెన్ తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. అందులో ఒక ముక్కని నాలుగో చుక్క అనుకుంటోంది. పాయింట్‌ట్రాకర్‌లో గరిష్ఠ సైజు తగ్గిస్తే పెద్ద మచ్చలు కొంత పోతాయి, కానీ అసలు పరిష్కారం కెమెరా జాగా మార్చడం. మానిటర్ పైన బిగించి కిందికి వంచండి. ఫ్రేమ్‌లో కిటికీ బదులు కుర్చీ వీపు, నేల రావాలి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. కెమెరా సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉంటే తల కాస్త పైకి ఎత్తినా, కాస్త దించినా మూడు చుక్కల ఆకారం దాదాపు ఒకేలా కనిపించే స్థితి వస్తుంది, అప్పుడే లెక్క తలకిందులై వ్యూ పైకప్పుకి ఎగురుతుంది. పైనుంచి ఏటవాలుగా చూస్తే ఆ గందరగోళం బాగా తగ్గుతుంది.

గదిలో ఫిలమెంట్ బల్బు ఉంటే ఆపండి, ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లతో ఇబ్బంది లేదు. ఫ్రేమ్‌లోకి దేవుడి దగ్గర దీపం వచ్చినా అదీ ఒక చుక్కే. కెమెరాని యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. 60 ఫ్రేముల్లో అది సెకనుకి దాదాపు 37 మెగాబైట్లు పంపుతుంది, హబ్‌లో ఇంకో డివైస్ ఉంటే ఫ్రేములు రాలిపోతాయి.

చివరగా మోడల్ పొజిషన్‌లో క్యాలిబ్రేషన్ నొక్కి తలని కుడి ఎడమలకి, పైకి కిందికి మెల్లగా తిప్పండి. భుజానికి వంచొద్దు, ముందుకి జరగొద్దు. ఇది చేయకపోతే తల తిప్పినప్పుడల్లా కాక్‌పిట్‌లో మీరు పక్క సీటుకి జరిగినట్టు ఉంటుంది.

ట్రిమ్‌ట్యాబ్:

కర్వ్ సంగతి నేను చెప్తాను. మానిటర్ కదలదు కాబట్టి తల 30 డిగ్రీలకి మించి తిప్పితే కళ్లు తెర మీద నిలవవు. మీకు కావాల్సింది 135 డిగ్రీలు. యా (తల కుడి ఎడమలకి తిప్పడం) కర్వ్‌లో మొదటి 4 డిగ్రీలు దాదాపు చదునుగా ఉంచండి, గేజ్‌లు చదివేటప్పుడు వ్యూ నిలబడుతుంది. 15 దగ్గర 50కి, 28 దగ్గర 140కి తెండి. పిచ్‌కి (తల పైకి కిందికి) అసిమెట్రిక్ మ్యాపింగ్ టిక్ పెట్టి కిందికి ఎక్కువ, పైకి తక్కువ ఇవ్వండి. రోల్ (తల భుజానికి వంచడం) ఆపేయండి, హొరైజన్ వాలుతూ ఉంటే ల్యాండింగ్‌లో తికమక. వ్యూని మళ్లీ నేరుగా ముందుకి తెచ్చే సెంటర్ కీని కీబోర్డు మీద కాకుండా జాయ్‌స్టిక్ బటన్‌కి ఇవ్వండి.

క్లిప్ ఎడమ కప్పుకి ఉంది కదా, మీరు ఎక్కువగా చూసేదీ ఎడమకే. ఎడమకి తిరిగితే ఎడమ చెవి కెమెరాకి దూరంగా పోయి ముఖం అడ్డం వస్తుంది. కుడి కప్పుకి మార్చండి. సెట్టింగ్స్‌లో మోడల్ పొజిషన్ కూడా కుడికి మార్చాలి.

గైరో_గోపి:

ఆలస్యంగా చూశాను. ఆర్డ్వినో ప్రో మైక్రో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి, కదలికని కొలిచే ఎంపీయూ 6050 సెన్సర్ బోర్డు కలిపి హెడ్‌ఫోన్‌కి పెడితే కెమెరా, ఎండ గొడవ ఉండదు కదా?

రాగితీగ:

గొడవ వేరే చోట మొదలవుతుంది. ఎంపీయూ 6050లో గైరో (తిరగడాన్ని కొలిచేది), యాక్సెలరోమీటర్ (వాలుని కొలిచేది) మాత్రమే ఉంటాయి. పిచ్, రోల్‌ని భూమ్యాకర్షణ సరిచేస్తుంది, యాని సరిచేసేది ఏదీ లేదు. కాసేపటికి ముందుకి చూస్తున్నా వ్యూ పక్కకి జారి ఉంటుంది, మాటిమాటికీ సెంటర్ నొక్కాలి. దిక్సూచిలా పనిచేసే మాగ్నెటోమీటర్ ఉన్న సెన్సర్ వేసినా, హెడ్‌ఫోన్ స్పీకర్‌లో అయస్కాంతం పక్కనే ఉంటుంది. పెట్టాలనుకుంటే బ్యాండ్ పైభాగంలో, రెండు కప్పులకీ సమాన దూరంలో పెట్టండి. ముందుకి వంగి గేజ్ దగ్గరగా చూడటం ఇందులో కుదరదు, తిరగడం తప్ప జరగడం దీనికి తెలియదు. గదిలో ఎండని ఏ రకంగానూ తప్పించలేనివాళ్లకి మాత్రం ఇదే దారి. ఓపెన్‌ట్రాక్‌లో హటైర్ ఇన్‌పుట్ దీనికోసమే ఉంది. ఆన్ చేశాక కొన్ని సెకన్లు హెడ్‌ఫోన్స్‌ని టేబుల్ మీద కదలకుండా ఉంచి, ఆ తర్వాతే పెట్టుకోండి.