ధాత కరువు పాపంలో ఆడమ్ స్మిత్‌కు వాటా ఉందా?

తుంగభద్ర:
పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో హేతువాదం వికసించిన జ్ఞానోదయ యుగం ప్రపంచానికి సమానత్వాన్నీ, రాజ్యాంగాన్నీ, పత్రికా స్వేచ్ఛనూ ఇచ్చిందని చదువుకున్నాం. అదే ఖాతాలో 1876–78 నాటి ధాత కరువును కూడా రాయాలన్నది నా వాదన. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అలమటిస్తున్న వేళ మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ముందుచూపుతో 30,000 టన్నుల ధాన్యం కొనిపిస్తే, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఆయనను తప్పుపట్టింది. తిండిగింజల ధర తగ్గించే ఉద్దేశంతో సర్కారు వర్తకంలో ఏ విధంగానూ వేలు పెట్టకూడదన్నది పైనుంచి వచ్చిన ఆజ్ఞ. దీని మూలం అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ రాయగా 1776లో వెలువడిన ‘జాతుల సంపద’ గ్రంథంలో ఉంది. కొరతను సరిదిద్దబోయి ప్రభుత్వాలు చేసే బలవంతపు జోక్యమే దానిని కరువుగా మారుస్తుందని యూరప్ అనుభవాన్ని చూపుతూ స్మిత్ రాశాడు.

పెన్నేటి గట్టు:
తుంగభద్ర గారూ, గ్రంథకర్తను నిందించే ముందు ఆ ఆలోచనను స్వయంగా అమలు చేసిన మనిషిని చూడాలి. ధాన్య వర్తకానికి సంకెళ్లు తెంచాలని పట్టుబట్టినవారిలో ఫ్రాన్సు దేశపు త్యుర్గో ముఖ్యుడు. 1774లో మంత్రి అయిన కొద్ది రోజులకే ఆ మేరకు శాసనం తెచ్చాడు. అయితే అంతకు ముందు ఆయన లిమోజ్ ప్రాంతానికి పాలనాధికారిగా ఉండగా 1770 ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు, ధాన్యపు బళ్లను ఎవరూ ఆపకుండా చూస్తూనే, పేదలకు సర్కారు ఖర్చుతో పనులు తెరిపించాడు, పాలుకు చేసే రైతులను కోతల దాకా పోషించే బాధ్యతను భూస్వాముల మీద పెట్టాడు. గింజ ఎక్కడికైనా పోవచ్చు కానీ దానిని కొనే శక్తి పేదవాడి చేతిలో ఉండాలన్నది ఆ పద్ధతిలోని కీలకం. లిట్టన్ మొదటి సగం తీసుకుని రెండో సగాన్ని గిల్లి గిల్లి ఇచ్చాడు. ఇక స్మిత్ అంటారా, ఈస్టిండియా కంపెనీ వంటి వర్తక కంపెనీ పాలన అన్ని పాలనల్లోకీ అధమమని రాసినవాడు ఆయనే.

కొండారెడ్డి బురుజు:
సిద్ధాంతం చేతులు కట్టేసిందనడమే నాకు నమ్మబుద్ధి కాదు. 1874లో బీహారులో కొరత వస్తే అక్కడి ఆంగ్ల అధికారి రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించాడు, ఆకలిచావులు చాలా తక్కువ. డబ్బు తగలేశావని నిందలు పడ్డాక, మూడేళ్లకు మద్రాసు వచ్చిన అదే టెంపుల్ కరువు పనుల్లో మగవాడికి రోజుకు సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మనిషి మారలేదు, స్మిత్ పుస్తకమూ మారలేదు. మారింది ఖజానా లెక్క. 1877 జనవరి 1న విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించే ఢిల్లీ దర్బారు జరపడానికి మాత్రం ఆ లెక్క అడ్డు రాలేదు.

తుంగభద్ర:
టెంపుల్ ఉదాహరణ బలమైనదే. నా మొదటి మాటను కొంత సవరించుకుంటాను. పిసినారితనం ఖజానాదే కావచ్చు, కానీ దానికి శాస్త్రమనే గౌరవం ఎలా దక్కింది? ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులను తీర్చిదిద్దిన ఇంగ్లండులోని హెయిలీబరీ కళాశాలలో 1805 నుంచి 1834లో చనిపోయే దాకా అర్థశాస్త్రం బోధించినవాడు, జనాభా తిండిని మించి పెరుగుతుందన్న మాల్థస్, తర్వాతి కాలంలో అక్కడ చదివినవాడే ఈ టెంపుల్. పైగా పెన్నేటి గట్టు గారు స్మిత్‌ను పూర్తిగా బయటపడేయలేరు. వరి పండే దేశాల్లో అనావృష్టి మరింత ప్రమాదమని ఒప్పుకుంటూనే, వర్తకం స్వేచ్ఛగా ఉంటే అక్కడ కూడా కరువు దాకా పోనక్కరలేదని ఆయన రాశాడు. 1770 నాటి బెంగాల్ కరువుకు కంపెనీ ఉద్యోగులు బియ్యం మీద పెట్టిన ఆంక్షలు కూడా కారణమై ఉండవచ్చన్నాడు. వందేళ్ల తర్వాత వచ్చిన అధికారికి ఇంతకన్నా వీలైన వాక్యం ఏం కావాలి?

పెన్నేటి గట్టు:
వీలైన వాక్యమేనని ఒప్పుకుంటాను. కానీ టెంపుల్ నిర్ణయించిన కూలి డబ్బు మనిషి ప్రాణం నిలపదని అంకెలు చూపి ఎదిరించిన మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ కూడా ఆ జ్ఞానోదయ యుగపు వారసుడే కదా. కొలిచి చూడు, లెక్క తప్పితే పాలకుడికైనా చెప్పు అనే అలవాటు ఎక్కడిది? ఆయన పోరు వల్లనే 1877 మే నెలలో కూలి పెరిగింది.

తుంగభద్ర:
పెరిగేనాటికి వేసవి వచ్చింది, పనులకు రాగల ఓపిక లేనివారు ఎందరో అప్పటికే పోయారు. 1880 నాటి కరువు సంఘం నివేదిక కూడా చూడండి: ఆకలిగొన్నవారిని ఆదుకోవడం సర్కారు విధి అని ఒప్పుకుంది, ప్రైవేటు ధాన్య వర్తకంలో సాధారణంగా జోక్యం కూడదనే సూత్రాన్ని మాత్రం అలాగే ఉంచింది.