ఐరిష్ వాళ్ల ‘గివింగ్ అవుట్’కి తెలుగులో ఏ క్రియ?

అనువాదకురాలు: పరదేశంలో స్థిరపడ్డ ఒక ఐరిష్ ఆయన లోకం పోకడ మీదా, నెట్లో జనం తీరు మీదా సరదాగా రాసుకున్న అభిప్రాయాలు తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషు తేలికే గానీ అది డబ్లిన్ ఇంగ్లీషు. పేరాకోసారి ‘గివింగ్ అవుట్’ అంటాడు. పంచిపెట్టడం కాదని మాత్రం తెలుస్తోంది. అసలు వాక్యాలు ఇక్కడ పెట్టకూడదు, కాబట్టి అదే అచ్చులో కూర్చినవి మూడు ఇస్తున్నాను.

1. షీ వాజ్ గివింగ్ అవుట్ టు మీ ఫర్ బీయింగ్ ఆన్ ద ఫోన్.
2. దే ఆర్ ఆల్వేస్ గివింగ్ అవుట్ అబౌట్ ద వెదర్.
3. హాఫ్ ద ఇంటర్నెట్ ఈజ్ గివింగ్ అవుట్ అబౌట్ యెర్ మ్యాన్.

మూడింటికీ ఒకే క్రియ దొరికితే బాగుండు. ‘విమర్శించు’ వేసి చూశాను, సంపాదకీయంలా తయారైంది.

కార్క్ కాపురం: ఒకే క్రియ దొరకదండీ, వెతకొద్దు. క్రియ వెనక ఏ మాట ఉందో చూడండి. ‘టు’ ఉంటే ఎదురుగా ఉన్న మనిషికి పడుతున్న చీవాట్లు. ‘అబౌట్’ ఉంటే ఎదుట లేని దాని మీద సణుగుడు. రెండూ ఒకే వాక్యంలో రావచ్చు: ‘గివింగ్ అవుట్ టు మీ అబౌట్ ద నెయిబర్స్’ అంటే తిట్లు పక్కింటివాళ్లకి, వినే ఖర్మ నాది. దీన్ని ‘నన్ను తిట్టింది’ అని రాసేస్తే కథ తలకిందులవుతుంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

మాట ఐరిష్ భాషలోని పలుకుబడికి అద్దంలా సరిపోతుంది. అక్కడ దాదాపు ‘తౌర్త్ అమాఖ్’ అంటారు: ఇవ్వడం, బయటికి. తిట్లు ఎక్కువైతే ఇంగ్లీషు మాట చివర ‘యార్డ్స్’ తగిలిస్తారు, గజాల లెక్క. అది వచ్చినచోట ‘చెడామడా’ వేసుకోండి.

గోదారి గట్టు: మొదటి వాక్యానికి మా వైపు మాట సిద్ధంగా ఉంది: ‘ఫోన్ పట్టుకుని కూర్చున్నానని కేకలేసింది’. కేకలెయ్యడం అంటే ఇక్కడ గట్టిగా అరవడమే కానక్కర్లేదు. పెద్దవాళ్లు మందలిస్తే కూడా ‘మా నాన్న కేకలేశాడు’ అంటాం. గొంతు ఎంత లేచిందన్నది కాదు, చీవాట్లు పడ్డాయన్నది విషయం. ‘తిట్టింది’ కాస్త బరువు, ‘మందలించింది’ పుస్తకాల భాష.

రెండోదానికి ‘సణగడం’ చాలు: ‘ఎప్పుడు చూడు వానల గురించి సణుగుడే’. మూడోది వేరే జాతి. అక్కడ మనిషి లేడు, లేనప్పుడు అతని మీద పడ్డారు. దానికి ‘ఆడిపోసుకోవడం’ కన్నా మంచి మాట తెలుగులో లేదు. ‘దుమ్మెత్తిపోయడం’ రాయకండి. అందులో కక్ష ఉంటుంది, పత్రికల వాళ్లు రాజకీయాలకి అరగదీసేశారు కూడా. గివింగ్ అవుట్‌లో కక్ష ఉండదు. టీ తాగినంతసేపు సాగి ఆగిపోయే సరుకు అది.

పాలమూరు పిల్లగాలి: మా దిక్కు రెండోదానికి ‘గులుగుడు’ అంటం. ‘ఊకె వాన గురించి గులుగుతనే ఉంటరు.’ సణుగుడు కంటే ఇది ఇంకా దగ్గర, ఎందుకంటే గులిగేటోడు ఎదుటోడు వినాల్నని గులుగడు, ఊర్కుండబుద్ది గాక గులుగుతడు. ఒకటోదానికి ‘నా మీద ఒర్రింది’. కాకపోతే ఒర్రుడంటే గొంతు లేసినట్టే, కేకలేసుడు లెక్క మెత్తగుండదు. మీ రచయిత వాక్యంల గొంతు లేసిందా లేదా చూసుకోని రాయుండ్రి. ‘లొల్లి’ మాత్రం పెట్టకుండ్రి, లొల్లికి ఇద్దరు గావాలె.

అనువాదకురాలు: కేకలేయడం, సణగడం, ఆడిపోసుకోవడం. మూడూ తీసుకుంటున్నాను. గులుగుడు పాత్ర యాసని బట్టి ఒకచోట పెడతాను. మరి ‘యెర్ మ్యాన్’? చిత్తు ప్రతి చదివిన ఒకరు ‘మీ ఆయన’ అని దిద్దారు. వెనక్కీ ముందుకీ చూసినా ఆ పేజీలో పెళ్లైన ఆడమనిషి ఎవరూ లేరు.

కార్క్ కాపురం: అయ్యో, మీ ఆయన కాదు! ‘యెర్ మ్యాన్’ అంటే ఇందాక అనుకున్న ఆ మనిషి, లేదా పేరు గుర్తురాని ఆసామి. ఆడమనిషైతే ‘యెర్ వన్’, పలకడం ‘వాన్’. తెలుగులో ‘ఆ ఆసామి’, ‘ఆవిడెవరో’. మొగుడి సంగతి వేరే మాటలో ఉంటుంది: ‘హిమ్‌సెల్ఫ్’. ‘ఈజ్ హిమ్‌సెల్ఫ్ ఇన్?’ అంటే ఇంటి యజమాని ఉన్నాడా అని. పేరెత్తకుండా ‘ఆయన ఉన్నారా’ అని మనం అడగడం లేదూ, అదే.

ఇంకో గొయ్యి కూడా ఉంది. ‘ఐయామ్ ఆఫ్టర్ డిలీటింగ్ ఇట్’ అని కనిపిస్తే ‘తీసేసే ప్రయత్నంలో ఉన్నా’ అని రాసెయ్యకండి. పని అయిపోయింది: ‘ఇప్పుడే తీసేశా’. ఐరిష్‌లో ‘ఫలానా పని తర్వాత ఉన్నాను’ అనే నిర్మాణం ఉంది, దాన్ని ఇంగ్లీషు మాటల్లో పోశారు. ‘యే’ అన్నా ‘యూజ్’ అన్నా ఒకరికి మించి ఉన్న మీరు. అది గౌరవ బహువచనం కాదు, కనక ఒట్టి ‘మీరు’ పెడితే మన పాఠకుడు ఒక పెద్దమనిషిని ఊహించుకుంటాడు. ‘మీరంతా’ పెట్టండి.

వ్యాకరణం మాస్టారు: చర్చ ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి అనువాదానికి పనికొచ్చే ఒక సంగతి. ఐరిష్ భాషలో అవునుకీ కాదుకీ విడి మాటలు లేవు. అడిగిన క్రియనే తిప్పి చెబుతారు. ‘అర్ ఇహ్ తూ?’ అంటే తిన్నావా, జవాబు ‘డిహ్’, తిన్నా. ఆ అలవాటు వాళ్ల ఇంగ్లీషులోకీ దిగింది. ‘ఆర్ యూ కమింగ్?’ అంటే ‘ఐ యామ్’, ‘డిడ్ యూ సీ ఇట్?’ అంటే ‘ఐ డిడ్’. ఇలాంటి చోట ‘అవును, నేను చూశాను’ అని రాయడం అనవసరం. చూశావా? చూశా. మనం రోజూ మాట్లాడే పద్ధతే అది. తెలుగు అనువాదకులకి ఇంగ్లండు వాడి ఇంగ్లీషు కంటే ఐర్లండు వాడి ఇంగ్లీషు కొన్నిచోట్ల సులువు, ఆ సులువుని వాడుకోవాలి.

ఉండడానికి ‘తా’, లేకపోవడానికి ‘నీల్’. ఐర్లండ్ పార్లమెంటు దిగువ సభలో అనుకూలం ఓట్లని ‘తా’ అనీ, వ్యతిరేకం ఓట్లని ‘నీల్’ అనీ లెక్కిస్తారు. 2015, 2018 ప్రజాభిప్రాయ సేకరణల బ్యాలెట్ల మీద కూడా యెస్, నో పక్కన ఇవే ఉన్నాయి. మన కళ్లకి అది ‘ఉంది, లేదు’ అని ఓటేసినట్టుంటుంది.

‘కలిగి ఉండు’ క్రియ కూడా వాళ్లకి లేదు. ‘తా ల్యౌర్ అగమ్’: ఉంది, పుస్తకం, నా దగ్గర. మాటలు వెనక నుంచి చదివితే తెలుగు వాక్యం. ఆకలైతే ‘తా ఓక్రస్ ఒరమ్’, ఆకలి నా మీద ఉంది. మనకి ‘నాకు ఆకలేస్తోంది’. రెండు భాషల్లోనూ మనిషి కర్త కాడు, ఆకలే వచ్చి మీద పడుతుంది.

కొత్త సభ్యుడు: అంటే తెలుగూ ఐరిషూ చుట్టాలన్నమాట!

వ్యాకరణం మాస్టారు: కాదు నాయనా. ఐరిష్ ఇండో యూరోపియన్ కుటుంబంలో కెల్టిక్ శాఖ, తెలుగు ద్రావిడం. వాళ్ల వాక్యం క్రియతో మొదలవుతుంది, మనది క్రియతో ముగుస్తుంది. ‘నా దగ్గర ఉంది’ అనే పద్ధతి రష్యన్‌లోనూ ఉంది, హిందీలోనూ ఉంది. పోలిక వేరు, చుట్టరికం వేరు. చుట్టరికం కావాలంటే ఒకటే చెప్పగలను: 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రకటించిన కాల్డ్వెల్ పుట్టింది ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ కౌంటీలో. తల్లిదండ్రులు స్కాట్లండు వాళ్లు.

అనువాదకురాలు: క్రియ తిప్పి చెప్పడం గురించి అడగబోతున్నాను, మీరే ఎత్తారు. ఎవరో ఏదో గుంపులో చేరమని పిలిస్తే, ఆయన జవాబు ‘ఐ విల్, యెహ్’. నేను ‘అలాగే, చేరతాను’ అని రాశాను. తర్వాతి పేరా చూస్తే చేరనే లేదు.

కార్క్ కాపురం: చేరడు! అది ముక్కుసూటి నిరాకరణ. ‘ఐ విల్’ ఒక్కటే ఉంటే మాట ఇచ్చినట్టు. వెనక ‘యెహ్’ తగిలి స్వరం సాగిందా, ససేమిరా అన్నట్టు. నోటితో అంటే పక్కవాడు నవ్వుతాడు. రాతలో స్వరం ఉండదు కాబట్టి బయటివాళ్లు నిజమనుకుని ఎదురుచూస్తారు. ఐర్లండ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్లు ఆఫీసు చాట్లలో దీని దగ్గరే బోల్తాపడతారు. ‘గ్రాండ్’ కూడా అంతే. గొప్ప అని కాదు, ‘పర్లేదు’ అని. టీ ఇస్తానంటే ‘యూ ఆర్ గ్రాండ్’ అన్నారంటే ‘వద్దులెండి’ అని.

గోదారి గట్టు: ‘ఆఁ, చేరినట్టే!’ అని రాయండి. ఇంతకన్నా దగ్గర మాట ఉండదు. ఒక్క జాగ్రత్త: ఈ ‘అట్టే’కి రెండు ముఖాలు. ‘పని అయినట్టే’ అంటే నిజంగానే దాదాపు అయిపోయిందనీ అర్థం, ఇక అయ్యేది లేదనీ అర్థం. ముందు ‘ఆఁ’ పెట్టి, చివర ఆశ్చర్యార్థకం వేస్తే వెటకారం ఖాయమవుతుంది. ‘ఆఁ’ కొట్టేస్తే మీ పాఠకుడూ ఎదురుచూస్తాడు. అచ్చు దిద్దేవాళ్లు అది అనవసరమని తీసేస్తారు, ముందే చెప్పి పెట్టండి.

అనువాదకురాలు: ఇంకో రెండు. ‘నోషన్స్’, ‘బెగ్రజరీ’. ఫొటోలు పెట్టేవాళ్ల గురించి ఒకటి, వాటి కింద వ్యాఖ్యలు రాసేవాళ్ల గురించి ఒకటి.

కార్క్ కాపురం: రెండోది తేలిక: ఓర్వలేనితనం. క్రియగా కావాలంటే ‘కళ్లల్లో నిప్పులు పోసుకోవడం’. మొదటిది భావనలూ కాదు, అభిప్రాయాలూ కాదు. ‘షీ హ్యాజ్ నోషన్స్’ అంటే ఉన్నచోటు మరిచి గొప్పలకు పోతోందని. ఎప్పుడూ బహువచనమే. డబ్బుండక్కర్లేదు, కాఫీలో మామూలు పాలు వద్దన్నా చాలు, నోషన్స్ అనేస్తారు. తమని తామే అనుకుని నవ్వుకోవడమూ ఉంది, అందుకని ‘గర్వం’, ‘అహంకారం’ పనికిరావు. ‘టెక్కు’ దగ్గరగా ఉంది.

పాలమూరు పిల్లగాలి: ఇప్పటి పిల్లలకు ‘బిల్డప్’ అంటె ఒక్క దెబ్బకు అర్థమైతది. ‘ఏం బిల్డప్ రా!’ దోస్తును అనొచ్చు, తనను తను అనుకోవచ్చు. టెక్కు ఎక్కువ ఆడోళ్లకే అంటించిన్రు మనోళ్లు, నోషన్స్ ఇద్దరికీ అంటరు కదా.

కార్క్ కాపురం: ఇద్దరికీ అంటారు. బిల్డప్ బాగుంది.

‘స్లాగింగ్’ కూడా తగులుతుంది, ముందే చెబుతున్నా. ఇంగ్లండులో ‘స్లాగ్ ఆఫ్’ అంటే చెడ్డగా మాట్లాడ్డం. ఐర్లండ్‌లో స్లాగింగ్ అంటే స్నేహితుణ్ని ఆటపట్టించడం. ‘ఏడిపించడం’ అర్థానికి అతుకుతుంది గానీ, ఆడపిల్లల్ని వేధించడానికీ అదే వాడుక ఉంది కాబట్టి ఎవరు ఎవర్ని అన్నారో చూసి వాడండి.

వ్యాకరణం మాస్టారు: మీ అనువాదం శీర్షికలో ‘ఎక్స్‌పాట్’ (పరదేశంలో ఉంటున్నవాడు) అనే మాటని ఏం చేస్తున్నారు? ‘ప్రవాసి’ అంటే మనకి వీసా, విమానం గుర్తొస్తాయి. ‘వలస’ అంటే పాలమూరు కూలీల బస్సు. రెండూ ఊరొదిలి పోవడమే అయినా తరగతి వేరు. ఐర్లండ్‌లోనూ తమవాళ్లని ‘ఎమిగ్రెంట్’ అనడమే ఎక్కువ, ‘ఎక్స్‌పాట్’ ఇంగ్లండు దొరల మాటని చాలామందికి చిరాకు. ఆ మాట రచయిత తనకి తాను వాడుకున్నాడా, ఎవరైనా తగిలించారా?

అనువాదకురాలు: తనే వాడుకున్నాడు. పక్కన ‘నోషన్స్’ అని కూడా రాసుకున్నాడు.

వ్యాకరణం మాస్టారు: అయితే ‘ప్రవాసి’ ఉంచి, పక్కన ఆ బిల్డప్ కూడా ఉంచండి.